వృద్ధుల మరపు – కల్పిత లోకములో అభ్యాసము

వయస్సు మీరినకొలది మరపు వచ్చుట సహజము. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంతయు వెదకు తాతగారిని చూచి మనుమలు నవ్వుట ప్రతి ఇంటను జరుగునదే. ఎదురుపడిన పరిచితుని పేరు నాలుక చివరనే యుండి వెలికి రాదు. అతడు వీధి మలుపు తిరుగగానే దానంతటదియే వచ్చును. ఇట్టి మరపును గూర్చి కలవరపడవలసిన పని లేదు. తాళపుచెవి ఎక్కడ పెట్టితిమో మరచుట వేరు. తాళపుచెవిని చేత పట్టుకొని, అది ఎందుకొరకో తెలియక నిలిచిపోవుట వేరు. ఈ రెంటికిని నడుమ ఒక దశ కలదు. నేటి మా ప్రసంగము ఆ నడిమి దశను గురించియు, ఆ దశలోనున్న పెద్దలకు ఈ కాలపు యంత్రవిద్య ఇవ్వజూచుచున్న ఒక క్రొత్త అభ్యాసమును గురించియు.

ఆ నడిమి దశకు వైద్యులు పెట్టిన పేరు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్. తెలుగున దీనిని స్వల్ప మేధాలోపము అనుకొందము. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పనిచేసిన రోనాల్డ్ పీటర్సన్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1999లో దీని లక్షణములను వివరించి ప్రకటించిరి. జ్ఞాపకశక్తి తగ్గినదని తమకో, తమవారికో అనిపించును. పరీక్షించి చూచినను, ఆ వయస్సువారికి ఉండదగినంత శక్తి లేదని తేలును. అయినను స్నానపానాదులకు, ఇంటి పనులకు ఇతరులపై ఆధారపడవలసిన స్థితి రాదు. ఇదియే ఈ దశకు గుర్తు. లెక్కలు చూచుట, మందులు వేళకు వేసికొనుట, క్రొత్త ఊరిలో దారి తెలిసికొనుట వంటి చిక్కైన పనులలో మాత్రము తడబాటు కనిపించును.

ఈ దశ చేరిన వారందరును పూర్తి మతిభ్రంశమునకు లోనగుదురని భయపడరాదు. ఈ లోపముతో వైద్యశాలలకు వచ్చువారిలో ఏటేట నూటికి పదిమంది మొదలు పదునైదుమంది వరకు ఆ క్రింది మెట్టునకు దిగుదురు. పెక్కుమంది ఉన్నచోటనే ఏండ్ల తరబడి నిలిచియుందురు. కొందరు మరల మామూలు స్థితికి వచ్చుటయు కలదు. బి-12 విటమిను లోపము, థైరాయిడ్ గ్రంథి మందగించుట, మనోవ్యాకులత, నిద్ర చాలకపోవుట, కొన్ని మందుల ప్రభావము, చెవులు సరిగా వినిపించకపోవుట – ఇవియన్నియు మరపువలె కనిపించును, లేదా ఉన్న మరపును పెంచును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. కావున మొదట పోవలసినది వైద్యుని యొద్దకు. ఏ యంత్రమైనను, ఏ అభ్యాసమైనను ఆ తరువాతి మాట.

ఇక అభ్యాసము సంగతి. ఏదో పనిమీద ఒక గదిలోనికి పోయి, ఎందుకు వచ్చితిమో మరచుట మనలో చాలమందికి అనుభవమే. అప్పుడు మనమేమి చేయుదుము? బయలుదేరిన చోటికే మరల పోయి నిలుచుందుము. అక్కడి గోడ, అక్కడి కుర్చీ కంటబడగానే మరచినది జ్ఞప్తికి వచ్చును. జ్ఞాపకము గాలిలో నిలుచునది కాదు. అది చోటును పట్టుకొని, పనిని పట్టుకొని నిలుచును. ఈ మాట మన పెద్దలు అనుభవముచేత ఎరిగినదే. శాస్త్రము దానికి మెదడులో మూలమును చూపినది.

మెదడులో రెండు ప్రక్కలను, కణతల లోపలి భాగమున హిప్పోకాంపస్ అను చిన్న భాగము కలదు. 1971లో జాన్ ఓ'కీఫ్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను పరిశీలించి, అవి ఒక్కొక్క చోటికి పోయినప్పుడు ఆ భాగములోని ఒక్కొక్క కణము మేల్కొనుచున్నట్లు కనుగొనెను. ఆ హిప్పోకాంపస్‌ను ఆనుకొనియున్న మరొక భాగములో, దూరమును దిక్కును కొలిచెడి కణములను మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ అనువారు 2005లో వివరించిరి. ఈ ముగ్గురికిని 2014లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. లండను నగరమున టాక్సీ నడపువారు వేలకొలది వీధులను కంఠస్థము చేసి పరీక్షలో నెగ్గవలెను. 2000 సంవత్సరమున ఎలినార్ మగ్వైర్ అను శాస్త్రజ్ఞురాలు అట్టివారి మెదడులను పరిశీలించి, హిప్పోకాంపస్ వెనుక భాగము వారికి ఇతరులకంటె పెద్దదిగా ఉన్నదని చూపెను. ఎన్ని ఏండ్లు టాక్సీ నడిపిరో అంతకంత ఆ భాగము పెద్దదిగా ఉండెను.

ఇప్పుడు ఈ విషయమును మరియొక ప్రక్కనుండి చూడవలెను. ఆల్జీమర్ వ్యాధి మెదడులో మొట్టమొదట దెబ్బతీయు చోట్లలో ఇవియే ముఖ్యమైనవి. కావుననే ఎరిగిన వీధిలో దారి తప్పుట ఈ జబ్బునకు తొలి సూచనలలో ఒకటి. దారిని, చోటును, పనిని ఒకదానితో నొకటి ముడివేయు ఈ శక్తికే అభ్యాసమిచ్చినచో ఎట్లుండునని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. కాని తడబాటు గల వృద్ధుని రద్దీ వీధిలో విడిచిపెట్టి అభ్యాసము చేయుమనుట క్షేమము కాదు. ఇక్కడనే క్రొత్త యంత్రము అక్కరకు వచ్చినది.

తిరునాళ్ళలో బయస్కోపు పెట్టెను చూచిన జ్ఞాపకము మన పెద్దలలో కొందరికైనను ఉండియుండును. అద్దమునకు కన్ను ఆనించగానే దూరదేశములు కంటికి కట్టును. వర్చువల్ రియాలిటీ అనబడు యంత్రము ఒక విధముగా దాని మునిమనుమడు. కన్నులను కప్పునట్లు తలకు తగిలించుకొను ఒక పెట్టె. అందు ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ. ఆ రెండును కలిసి లోతు గల దృశ్యమగును. విశేషమేమనగా, మనము తల త్రిప్పినచో ఆ దృశ్యమును తదనుగుణముగా తిరుగును. వెనుకకు చూచినచో వెనుకనున్న వీధి కనిపించును. చేయి చాపినచో అరలోని డబ్బా అందినట్లుండును. అమెరికాలో ఐవన్ సదర్లాండ్ 1968లో చూపిన యంత్రము పైకప్పునుండి వ్రేలాడవలసినంత బరువైనది. నేడు లభించు పెట్టెలు సుమారు అరకిలో తూగును.

ఈ కల్పిత లోకమున వృద్ధులకు ఏమి నేర్పుదురు? ఒక ఉదాహరణమును చెప్పెదము. తైవాను దేశమున స్వల్ప మేధాలోపము గల 34 మంది వృద్ధులను రెండు జట్లుగా చేసి, 12 వారములలో 36 మారులు శిక్షణ నిచ్చిరి. ఫలితములు 2020లో ప్రకటితమైనవి. ఒక జట్టువారు మామూలు పద్ధతిలో వ్యాయామమును, బుద్ధికి పని చెప్పు అభ్యాసములను చేసిరి. రెండవ జట్టువారు కల్పిత లోకములో చేసిరి. అక్కడ వారు చేసిన పనులను గమనింపుడు. నగరపు రైలు ఎక్కి గమ్యము చేరుట. వీధులలో ఒక దుకాణమును వెదకి పట్టుకొనుట. వంటశాలలో వంటవాని పని చేయుట. అంగడిలో గుమాస్తాగా నిలబడి బేరమును చూచుకొనుట. పద్యములు వల్లించుట కాదు, అంకెల వరుసలను అప్పజెప్పుట కాదు. దినదినము మనిషి చేయు పనులే.

ఫలితమేమి? రెండు జట్లవారును కొంత మెరుగుపడిరి. అయితే బజారు చేయుట, డబ్బు చూచుకొనుట, ప్రయాణించుట వంటి నిత్యవ్యవహారములను నెరవేర్చు శక్తి మాత్రము కల్పిత లోకములో అభ్యసించిన జట్టువారికి ఎక్కువగా పెరిగినది. గ్రీసు దేశమునను పరిశోధకులు ఒక కల్పిత బజారును నిర్మించిరి. వృద్ధులు తెరమీద కనిపించు ఆ బజారులో జాబితా చూచి సరుకులు ఎన్నుకొని, సొమ్ము చెల్లింపవలెను. అభ్యాసమునకే కాక, ఈ లోపమును గుర్తించుటకును అది పనికివచ్చునని 2015లో వారు చూపిరి.

ఇంతవరకు విని, ఇదేదో దివ్యౌషధమని ఎవరును ఉప్పొంగరాదు. ముప్పదినలుగురు మనుష్యులు, మూడు మాసముల కాలము – ఇది చిన్న ప్రయోగము. ఇట్టి ప్రయోగములలో పెక్కు చిన్నవే. ఈ యంత్రము మతిభ్రంశ వ్యాధిని నివారించునని వీనివలన ఋజువు కాలేదు. మరియొక సంగతియును మరువరాదు. అమెరికాలో 1998వ సంవత్సరమున ప్రారంభించి, 65 ఏండ్లు దాటిన 2,802 మందిపై జరిపిన ఆక్టివ్ అను పెద్ద పరిశోధన కలదు. కొందరికి జ్ఞాపకములో, కొందరికి తర్కములో, కొందరికి చూచి గ్రహించు వేగములో శిక్షణ నిచ్చిరి. 2002లో వెలువడిన ఫలితములలో తేలినదేమనగా, ఎవరికి దేనిలో శిక్షణ ఇచ్చిరో వారికి దానిలోనే శక్తి పెరిగినది. తక్కిన వానికి అది పెద్దగా ప్రాకలేదు. ఈత నేర్చినవానికి ఈత వచ్చును గాని సైకిలు రాదు గదా!

మా ఉద్దేశమున ఈ విషయమంతటిలో కీలకము ఇదియే. అభ్యసించినదే వచ్చును. కావున బజారుకు పోగలుగుట కావలెనన్నచో బజారుకు పోవుటనే అభ్యసింపవలెను. కల్పిత లోకపు గొప్పతనము దాని తళుకులో లేదు. నిత్యజీవితమును అది క్షేమముగా, మెల్లమెల్లగా, తప్పు చేసినను తిట్టకుండ, మరల చేయనిచ్చుటలో ఉన్నది. ఆ అంగడిలో చిల్లర తప్పు లెక్కించినచో నష్టమెవరికిని లేదు. వెనుక నిలిచినవారు విసుగుకొనరు. మరల మొదటినుండి లెక్కింపవచ్చును.

ఇచ్చట మా ఇంటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా తల్లిగారు నలుబది ఏండ్లు కూరల బజారుకు తామే పోయివచ్చిరి. ఏ కొట్టువాని తక్కెడ నిక్కమైనదో, ఏ గంపలోని వంకాయ లేతదో వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు. డెబ్బది రెండవ యేట ఒకనాడు చిల్లర తీసికొనక తిరిగి వచ్చిరి. మరియొకనాడు ఉదయము తెచ్చిన దొండకాయలనే సాయంత్రము మరల తెచ్చిరి. పులుసులో ఉప్పు రెండు మారులు పడినది. మేము కంగారుపడితిమి. ప్రేమతోనే, వారి చేతినుండి సంచిని తీసికొంటిమి. తరువాత డబ్బుల డబ్బా, ఆ తరువాత వంటిల్లు. "మీరు హాయిగా కూర్చోండమ్మా, మేమున్నాము గదా" అంటిమి. చుట్టుప్రక్కలవారు మమ్ము మెచ్చుకొనిరి.

కొన్ని మాసములలో ఆమె మాట తగ్గినది. వారము ఏదని అడుగుట మొదలుపెట్టిరి. శుక్రవారము తెలియుటకు బజారు, మంగళవారము తెలియుటకు పాలవాని లెక్క ఆమెకు గుర్తులుగా ఉండెడివని, ఆ గుర్తులను మేమే ఒక్కొక్కటిగా తుడిచివేసితిమని మాకు అప్పుడు తోచలేదు. ఒకనాడు మేము బజారుకు బయలుదేరుచుండగా గుమ్మములో నిలిచి, "సంచి ఇట్టా ఇయ్యరా అబ్బాయీ, నేను మోస్తాను" అనిరి. మోయుటకైనను తమను పిలువుమని ఆమె అడిగిన తీరు మమ్ము ఇప్పటికిని బాధించుచున్నది.

పరీక్షించిన వైద్యులు మందులు కొన్ని మార్చి, చెవికి యంత్రమును పెట్టించి, కడపట చెప్పిన మాట ఇది: "వారి పనులు వారికి ఇచ్చివేయండి. తప్పులు రానివ్వండి, తప్పువల్ల ప్రమాదము రాకుండ మాత్రము చూచుకొనండి." మేము సంచిని తిరిగి ఇచ్చితిమి. ఐదు వస్తువుల జాబితా, లెక్కకు సరిపడు సొమ్ము, ప్రక్కన నడచుటకు ఒక మనిషి – ఇంతే ఏర్పాటు. ప్రక్కనున్నవారు అడిగినగాని నోరు విప్పరాదు. మొదటి రోజున ఐదింటిలో రెండే వచ్చినవి. వారము తిరుగుసరికి నాలుగు. ఆమె పూర్వపు మనిషి కాలేదు. అట్లయినదని చెప్పినచో అది అబద్ధము. కాని వంకాయలవానితో "నిన్న ఇరవై అన్నావు, ఇవాళ ముప్పై ఏమయ్యా?" అని బేరమాడిరి. నిన్న తాము రాలేదన్న సంగతి వారికి గుర్తు లేదు. కాని బేరమాడుట గుర్తున్నది. మాకు అదే చాలుననిపించినది.

మన ఇండ్లలో వృద్ధులకు జరుగు కీడు చాలవరకు నిర్లక్ష్యమువలన కాదు, అతిశ్రద్ధవలన. మనము వారిని కూర్చుండబెట్టుదుము. కూర్చున్న కాలు బిగిసినట్లే, కూర్చున్న బుద్ధియు బిగియును. తైవానులో యంత్రము పెట్టి వృద్ధులకు ఏ పనులను తిరిగి నేర్పుచున్నారో, ఆ పనులనే మనము మన పెద్దల చేతులనుండి ఊడబెరుకుచున్నాము.

నిత్యజీవితమే మెదడునకు వ్యాయామమగునన్నదానికి మన హైదరాబాదునుండియే ఒక సాక్ష్యము కలదు. అచ్చటి నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారును, సహ పరిశోధకులును మతిభ్రంశమునకు లోనైన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె, రెండు గాని అంతకెక్కువ గాని భాషలు మాటలాడువారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడచూపినది. చదువురానివారిలోను ఈ తేడా కనిపించినది. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ మాటలాడు మనిషి తనకు తెలియకుండగనే దినమంతయు మెదడునకు సాము నేర్పుచున్నాడేమో!

అట్లే ఫిన్లాండు దేశమున ఫింగర్ అను పేరిట, 60 మొదలు 77 ఏండ్ల వయస్సు గల 1,260 మందిపై రెండేండ్లు జరిపిన పరిశోధన 2015లో వెలువడినది. తగిన ఆహారము, వ్యాయామము, బుద్ధికి అభ్యాసము, రక్తపుపోటు మొదలైనవానిపై కన్ను – ఈ నాలుగింటిని కలిపి పాటించినవారి మేధాశక్తి, సామాన్య సలహా మాత్రమే పొందినవారికంటె మెరుగుగా నిలిచినది. ఒక్క యంత్రమో, ఒక్క మాత్రయో కాదు. జీవనవిధానమంతయు కలిసి పనిచేయవలెనని దీని తాత్పర్యము.

అట్లని యంత్రమును తోసిపుచ్చుమని మేము చెప్పుటలేదు. మోకాళ్ళ నొప్పిచే ఇల్లు కదలలేనివారు కలరు. పడుదునేమోయను భయముతో వీధి మొగము చూడనివారు కలరు. పట్టణములో అంతస్తుల ఇంటికి క్రొత్తగా వచ్చి చేరి, క్రింది రోడ్డు దాటుటకు జంకు పల్లెటూరి పెద్దలు కలరు. అట్టివారికి కల్పిత వీధిలో మొదట నడచి, ధైర్యము చిక్కిన తరువాత నిజమైన వీధిలోనికి దిగుట మేలు చేయవచ్చును. కాని కొన్ని జాగ్రత్తలు అవసరము. కన్ను కదలిక చూచుచుండ శరీరము కదలకపోవుటచే కొందరికి తల తిరుగును, వికారము పుట్టును. కనుక మొదట కుర్చీలో కూర్చుండియే, ఐదు పది నిమిషములే అలవాటు చేయవలెను. నిలుచుండి చేయునప్పుడు ప్రక్కన మనిషి ఉండవలెను. మూర్ఛవ్యాధి గలవారును, తరచు తల తిరుగువారును వైద్యుని అడుగక దానిని ముట్టరాదు. కళ్ళజోడు, చెవి యంత్రము ఉన్నవారికి అవి సరిగా అమరినవో లేదో చూడవలెను. అన్నింటికంటె ముఖ్యము, ఆ పెట్టె తలకు తగిలించి వృద్ధుని ఒంటరిగా వదలి మనము వేరొక గదిలోనికి పోరాదు. ఏమి చూచితిరి, ఎక్కడికి పోయితిరి, ఏమి కొంటిరి అని అడుగు మనిషి లేనిచో అభ్యాసము సగమే.

ఆ పెట్టె లేని ఇంట చేయదగినదేమి? ఉన్నదానితోనే చేయవచ్చును. పెద్దలకు దినమునకు ఒక బాధ్యతనైనను ఉంచవలెను – పూలు తెచ్చుటయో, పాలలెక్క వ్రాయుటయో, మనుమని బడినుండి తోడ్కొని వచ్చుటయో. పనిని వేళకు, చోటుకు ముడిపెట్టవలెను. మందుల డబ్బా ఎప్పుడును కాఫీ గ్లాసు ప్రక్కనే ఉండవలెను. తప్పు చేసినప్పుడు నలుగురిలో ఎత్తిచూపరాదు. "నిన్ననే చెప్పితిమి గదా" అను మాట ఇంటిలో వినపడరాదు. ఆ మాట మరపును తగ్గించదు, మాటలాడుటను తగ్గించును. వంటింటి పొయ్యి, సొమ్ము లావాదేవీలు వంటి ప్రమాదము గలచోట్ల మాత్రము ప్రక్కన ఒక కన్ను ఉండవలెను.

శాస్త్రజ్ఞులు వృద్ధులకొరకు ఒక బజారును అద్దములో సృష్టించిరి. అందు సరుకులున్నవి, వాని జాబితా యున్నది, సొమ్ము చెల్లించుటయు నున్నది. మన వీధి చివర అట్టిదే నిజమైనది యొకటి ప్రతిదినము తెల్లవారకమునుపే తెరచుచున్నది. రేపు ఉదయము ఆ దారిన పోవునప్పుడు ఇంటనున్న పెద్దవారికి సంచి అందించి, వారి వెనుక ఒక అడుగు దూరమున నడువుడు. దారి వారినే చూపనిండు.